మిరప మందు డ్రమ్ము

దీపికని చూస్తే నాకు కడుపుమంట. ఈ మాట మా ఆయనకి కూడా నోరు తెరిచి చెప్పలేదు, ఆయనకి తెలుసనుకోండి. మా ఊళ్ళో ఆశా కార్యకర్తలం ఇద్దరం. క్రోసూరు పోయే రోడ్డు ఊరి మధ్యలోంచి వెళ్తుంది. రోడ్డుకి ఇవతలి ఇళ్ళు నావి, అవతలివి దీపికవి. నేను పదహారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఆమె చేరి రెండేళ్ళు కూడా కాలేదు. మాచర్ల దగ్గర పుట్టి మా ఊరి కోడలై వచ్చింది. డిగ్రీ చదివింది. నన్ను అత్తా అని పిలుస్తుంది. ఆ పిలుపులో వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోవడం కూడా నాకు మంటే.

ఇదంతా మొదలైంది ఫోన్‌తో. గర్భిణుల వివరాలు, జ్వరాల సర్వే, దోమల సర్వే అన్నీ ఇప్పుడు యాప్‌లోనే ఎక్కించాలి. నేను కళ్ళజోడు సర్దుకుని ఒక ఇల్లు ఎక్కించేలోపు ఆమె వీధి మొత్తం ఎక్కించేసేది. నా ఫోన్ మొరాయిస్తే "ఇటియ్యత్తా" అని తీసుకుని, పీహెచ్‌సీ వరండాలో అందరి ముందూ రెండు నిమిషాల్లో పని పూర్తిచేసి ఇచ్చేది. మనిషన్నాక సాయం చేసినందుకు సంతోషించాలి. నాకు మాత్రం నా చేతిలోంచి ఫోన్ తీసుకున్న ప్రతిసారీ నా ఉద్యోగమే తీసుకుంటున్నట్టు ఉండేది.

సరే, ఫోన్ ఆమెదైతే దోమ నాది అనుకునేదాన్ని. దోమ గురించి మా మండలంలో నాకు తెలిసినంత ఏ ఆశాకీ తెలియదని నా గట్టి నమ్మకం. మురుగుకాలవలో పుట్టి రాత్రంతా చెవి దగ్గర పాడేది ఒక రకం. అది బోదకాలు తెస్తుంది. పొలాల్లో సాగర్ కాలవ నీళ్ళు నిలిచిన గుంటల్లో పుట్టి, గోడ మీద వెనకభాగం పైకెత్తి కూర్చునేది ఇంకో రకం. అది మలేరియాది. కాళ్ళకి తెల్ల చారలుండి, పట్టపగలు బల్ల కింద చేరి మోకాళ్ళ కింద కుట్టేది డెంగీ దోమ. దానికి మురికి పడదు. మనం తాగే నీళ్ళలాంటివే కావాలి. మా ఊరికి పంచాయతీ కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది కాబట్టి ఇంటింటికీ నాలుగు డ్రమ్ములూ రెండు తొట్లూ నిండి ఉంటాయి. ఆ మహాతల్లికి అంతకంటే ఏం కావాలి?

శుక్రవారం డ్రై డే. ఆ రోజు తొట్లన్నీ ఖాళీ చేసి, కొబ్బరిపీచుతో గోడలు రుద్ది, ఆరబెట్టాలి. గుడ్లు నీళ్ళలో కాదు, నీటి అంచున తొట్టి గోడకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు. నీళ్ళు పారబొయ్యమంటే ఆడవాళ్ళు నా మీద విరుచుకుపడేవాళ్ళు. మళ్ళీ కుళాయి వచ్చేదాకా నువ్వు మోస్తావా అని అడిగేవాళ్ళు. నేనూ తక్కువ తినలేదు. ఎవర్నీ బతిమాలేదాన్ని కాదు. తొట్లో పురుగు కనబడిందా, ఇంటావిడ చూస్తుండగానే అక్కడికక్కడ తిరగబోసేదాన్ని. తిట్లు తినేదాన్ని. పదహారేళ్ళలో పురుగుని చూసి వదిలేసిన తొట్టి ఒక్కటి లేదు.

దీపిక పద్ధతి వేరు. గాజు సీసాలో నాలుగు లార్వాలు పట్టి వీధిలో పిల్లల్ని చుట్టూ పోగేసేది. అవి తలకిందులుగా వేలాడుతూ తోకతో గాలి ఎలా పీలుస్తాయో చూపించేది. వారానికి లార్వా కాస్తా ప్యూపా అవుతుందని, అది కామా గుర్తులా వంకరగా ఉంటుందని, తిండి మానేస్తుందని, రెండంటే రెండు రోజుల్లో దోమై లేచిపోతుందని చెప్పేది. ఇదంతా ఆమె చేరిన మొదటి నెలలో నేను నేర్పిన పాఠమే. నా పాఠాన్ని నాకంటే బాగా చెప్పేది. ఆ పిల్లలు ఇంటికిపోయి తల్లుల్ని సాధిస్తే, ఆ తల్లులు దీపికకి కాఫీ ఇచ్చి మరీ నీళ్ళు పారబోసేవాళ్ళు. నాకు పదహారేళ్ళలో ఎవరూ కాఫీ ఇవ్వలేదని కాదు. ఇచ్చారు. నీళ్ళు పారబోసినందుకు మాత్రం ఇవ్వలేదు.

ఆమెకి అన్నీ నేర్పాను గానీ ఒక్కటి నేర్పలేదు. అది మందు డ్రమ్ము సంగతి.

మిరపతోటకి పురుగుమందు కొట్టేటప్పుడు నీళ్ళలో కలుపుకోవడానికి మా వైపు ప్రతి రైతుకీ ఒక పెద్ద నీలం డ్రమ్ము ఉంటుంది. కోతలయ్యాక దాన్ని ఇంటికి తెచ్చి గొడ్లసావిడి వెనక పడేస్తారు. దాన్ని ఎవరూ ముట్టుకోరు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వరు. సర్వేకి వెళ్ళి అడిగితే, అది మందు డ్రమ్ము, దాంట్లో దోమేం బతుకుతుంది అని నవ్వుతారు. రైతులే కాదు, మా డిపార్ట్‌మెంట్ వాళ్ళూ అంతే, ఆ మాట వినగానే ముందుకి నడుస్తారు. నిజానికి వేసవంతా ఎండకి ఎండి, నాలుగు వానలకి కడుక్కుపోయాక దాంట్లో మందు ఎక్కడుంటుంది? శుభ్రమైన వాన నీళ్ళుంటాయి. నాలుగేళ్ళ కింద మా వైపు ఒక సావిడి వెనక ఆ సంగతి నేనే కనిపెట్టాను. అప్పట్నుంచి నా ఏరియాలో ఆ డ్రమ్ములన్నీ బోర్లా పెట్టించాను. దీపికకి చెప్పలేదు. మర్చిపోయి కాదు. ఒక్కటైనా నాకొక్కదానికే తెలిసింది మిగలాలనిపించింది.

జూలైలో పీహెచ్‌సీ మీటింగుకి మలేరియా సబ్ యూనిట్ ఆఫీసర్ సుధీర్ బాబు గారు వచ్చారు. దోమల పని బాగా చేసిన ఆశాలకి పంద్రాగస్టు రోజున నరసరావుపేటలో అందరి ముందూ ప్రశంసాపత్రాలు ఇస్తారట. మా మండలం నుంచి ఒకరికే. మా ఊరి లెక్కలు బాగున్నాయి కాబట్టి మా ఇద్దరిలోనే ఒకరి పేరు రాస్తానని, వచ్చే శుక్రవారం వచ్చి రెండు ఏరియాలూ చూస్తానని చెప్పారు. తర్వాత కాగితం చూసి, దీపిక గారూ, మూడు నెలలుగా మీ ఏరియాలో ఒక్క లార్వా లేదండీ అన్నారు. నా వైపు తిరిగి, ఏమ్మా, నీ ఏరియాలో పోయిన నెల రెండిళ్ళు వచ్చాయే అన్నారు.

ఆమె 'గారు', నేను 'ఏమ్మా'. నా ఏరియాలో రెండిళ్ళు వచ్చాయంటే నేను మూల మూలా వెతికాను కాబట్టి వచ్చాయి. ఆ మాట పైకి అంటే దీపిక వెతకలేదని చాడీ చెప్పినట్టవుతుంది. నోరు మూసుకుని ఇంటికొచ్చాను. ఆ కాగితం నాకు కావాలి. అంతే. ఫ్రేము కట్టించి టీవీ పైన ఏ గోడకి కొట్టించాలో కూడా ఆ రాత్రే అనుకున్నాను. దీపిక ఇంట్లో ఆ కాగితం వేలాడుతుంటే పక్కనుంచి నేను నడిచి వెళ్ళడం నా వల్ల కాదు.

మంగళవారం పొద్దున పదకొండింటికి రోడ్డు దాటి ఆమె ఏరియాకి వెళ్ళాను. ఎవరన్నా అడిగితే చుట్టాలింటికని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. తిన్నగా త్రికోటేశ్వరరావు గారి గొడ్లసావిడి వెనక్కి వెళ్ళాను. పన్నెండెకరాల మిరప వేసే ఆసామి. ఊరి రాజకీయమంతా ఆయన అరుగు మీదే. ఇంట్లోవాళ్ళు పొలానికి పోయినట్టున్నారు, అలికిడి లేదు. నీలం డ్రమ్ము గోడ పక్కనే ఉంది. పైన విరిగిన రేకు ముక్క కప్పి ఉంది.

రేకు ఎత్తి ఫోన్ లైటు వేశాను. నీళ్ళు అడుగుదాకా కనబడుతున్నాయి. పైన నల్లగా, వంకర తిరిగి, వందల ప్యూపాలు. లైటు పడగానే దొర్లుకుంటూ అడుక్కి దిగిపోయాయి, మళ్ళీ ఒకటొకటే పైకి వచ్చాయి. అన్నీ ఒకే వానకి పుట్టినట్టున్నాయి, లార్వా అనేది వెతికినా లేదు.

నాకు సంతోషం వేసింది. దాచుకునేదేముంది, పండగ చేసుకున్నంత సంతోషం వేసింది. మూడు నెలలుగా ఒక్క లార్వా లేని ఏరియా ఇదీ అనుకున్నాను.

అలవాటు కొద్దీ చెయ్యి డ్రమ్ము అంచు పట్టేసుకుంది. కొంచెం వంచితే చాలు, నీళ్ళన్నీ వేడి నేల మీద పడి అన్నీ పది నిమిషాల్లో చచ్చేవి. కానీ పారబోస్తే శుక్రవారం సుధీర్ బాబు గారికి ఏం చూపించను? ఖాళీ డ్రమ్ము చూపించి ఇందులో ఉండేవని చెప్తే ఎవరు నమ్ముతారు? మంగళవారం నుంచి శుక్రవారానికి మూడు రోజులు. ప్యూపా లేవడానికి రెండు రోజులు. ఈ లెక్క ఊరందరికీ చెప్పిన దాన్ని నేనే. అయినా ఆ డ్రమ్ము ముందు నిలబడి వేరే లెక్క వేసుకున్నాను. వానలకి చల్లబడింది కాబట్టి ఆలస్యంగా లేస్తాయని, కొన్నయినా మిగలకపోవని. ఇంకో సమాధానం కూడా చెప్పుకున్నాను. దోమ పుట్టగానే జబ్బు మోసుకురాదు. జబ్బున్న మనిషిని కుట్టి, ఎనిమిది పది రోజులు గడిస్తేనే అది ఇంకొకరికి అంటించగలదని ట్రైనింగులో చెప్పారు. ఊళ్ళో ఒక్క డెంగీ కేసు లేదు, ఏమవుతుందిలే అనుకున్నాను.

రేకు మళ్ళీ ఎలా ఉందో అలాగే కప్పి వచ్చేశాను.

శుక్రవారం సుధీర్ బాబు గారు ముందు నా ఏరియా చూశారు. పదిహేను ఇళ్ళలో ఒక్క పురుగు దొరకలేదు. బాగుందమ్మా అన్నారు. తర్వాత రోడ్డు దాటాం. దీపిక ఏరియాలోనూ ఏమీ దొరకలేదు. ఆయన ఇక చాలన్నట్టు వాచీ చూసుకుంటుంటే నేను ముందుకెళ్ళి, సార్, సావిళ్ళ వెనక మందు డ్రమ్ములు కూడా చూడాలి, అక్కడే ఉంటాయి అన్నాను. త్రికోటేశ్వరరావు గారి పేరు కూడా నేనే చెప్పాను. అందరం అక్కడికి వెళ్ళాం. ఆసామికి మంచి కోపం వచ్చింది. మందు డ్రమ్ములో దోమలు చూడ్డానికొచ్చారా అని అరుగు మీదనుంచే విసుక్కున్నారు.

దీపిక మాత్రం నెమ్మదిగా చెప్పింది. "ఆ డ్రమ్ము చూసిందే సార్. దాంట్లో ఏం లేదు."

ఎంత నిబ్బరంగా అబద్ధం ఆడుతోంది అనుకున్నాను. దాన్ని ఆమె జన్మలో చూసి ఉండదని నాకు తెలుసు. ఆ క్షణం కోసమే మూడు రోజులు ఎదురుచూశాను. దీపిక ఆసామికి సర్దిచెబుతూ అరుగు దగ్గరే ఆగిపోయింది. రేకు నేనే ఎత్తాను.

నాలుగైదు దోమలు మొహం మీదికి లేచాయి. నీళ్ళ మీద ఏమీ కదలడం లేదు. ఊకపొట్టులాగా తెల్లటి తొడుగులు తేలుతున్నాయి, దోమలు విడిచిపోయిన తొడుగులు. సుధీర్ బాబు గారు కదిలేవాటి కోసం చూస్తున్నారు, పొట్టు ఆయన కంటికి ఆనలేదు. గరిటెతో మూడుసార్లు ముంచి చూసి, లార్వా నిల్ అని రాసుకున్నారు. నాకు మాత్రం ఆ తొడుగులు తప్ప ఇంకేమీ కనబడలేదు. వందల దోమలు, ఆ సావిడి చుట్టూ ఎక్కడో చెట్టు నీడలో, మంచాల కింద.

నీళ్ళు పారబోయించి తిరిగి వస్తుంటే ఆయన అందరి ముందూ నాకు చురక అంటించారు. పక్కవాళ్ళ ఏరియాలో తప్పులు వెతికే టైము మీ ఏరియాలో పెట్టమ్మా అన్నారు. దీపిక అడ్డం వచ్చి, అట్టా అనొద్దు సార్, అత్త మంచికే చెప్పింది అంది. నా తరఫున ఆమె మాట్లాడాల్సి రావడం! ఆ తొడుగుల సంగతి అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెబితే ఆ చుట్టుపక్కల ఇళ్ళలో పొగ కొట్టించేవాళ్ళు. కానీ ఈ డ్రమ్మే చూడమని ఎలా చెప్పావమ్మా, ముందే వచ్చి చూశావా అంటే? ఆమె నన్ను వెనకేసుకొచ్చిన మంట ఒకటి, దొరికిపోతానన్న భయం ఒకటి. రెండూ కలిసి నా నోరు నొక్కేశాయి.

కాగితం దీపికకే వచ్చింది. పంద్రాగస్టు మధ్యాహ్నం ఆశాల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. పట్టుచీర, చేతిలో ప్రశంసాపత్రం, పక్కన పెద్ద పెద్ద అధికారులు. అందరూ దండాలు, పువ్వులు పెడుతుంటే నేను బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఫోన్ బోర్లా వేశాను. మా ఆయన అన్నం పెట్టమంటే పెట్టుకోమన్నాను.

ఈలోగా జరిగింది నేను లెక్కలోకి తీసుకోనిది. జూలై ఆఖర్లో త్రికోటేశ్వరరావు గారి అల్లుడు హైదరాబాద్ నుంచి జ్వరంతో వచ్చి అత్తారింట్లో వారం పడుకున్నాడు. మామూలు జ్వరమన్నారు, తగ్గి వెళ్ళిపోయాడు. ఆగస్టు మూడో వారంలో ఆ ఇంటి ఇల్లాలికి జ్వరం వచ్చింది. రక్తం పరీక్షలో డెంగీ అని తేలింది. పక్కింట్లో ఇద్దరికి, ఎదురింట్లో ఒకరికి. దీపిక పొద్దున్నే జ్వరాల సర్వే అని ఆ ఇళ్ళ చుట్టూ తిరిగింది. ఐదో రోజుకి ఆమె కూడా పడింది.

సుధీర్ బాబు గారు ఫోన్ చేసి, గురవమ్మ గారూ, ఆ ఏరియా కూడా మీరే చూడాలి, మీకున్న అనుభవం ఎవరికీ లేదు అన్నారు. నన్ను గారు అన్నారు. ఉన్నమాట చెబుతున్నాను, దీపికకి ప్లేట్‌లెట్లు పడిపోయి నరసరావుపేట తీసుకెళ్ళారని తెలిసిన గంటలోనే, ఆ 'గారు' నాకు తియ్యగా వినబడింది. ఆ వీధుల్లోకి వెళ్తే ఆడవాళ్ళు గేట్లు తీసి, గురవమ్మ వచ్చింది, ఇక భయం లేదు అన్నారు. నాకు కాఫీ కూడా ఇచ్చారు. మొదటి రెండిళ్ళలో తాగాను. మూడో ఇల్లు త్రికోటేశ్వరరావు గారిది. ఆ డ్రమ్ము వైపు చూడకుండా బయటికి వచ్చి, మర్నాడు పొద్దున నరసరావుపేట బస్సెక్కాను.

ఆస్పత్రిలో దీపికని దోమతెర వేసిన మంచం మీద పడుకోబెట్టారు. పట్టపగలు కూడా తెర తియ్యకూడదట, ఆమెని కుట్టిన దోమ ఇంకొకరికి అంటిస్తుందని. వాళ్ళాయన బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే దీపికే తెర పైకెత్తి, రా అత్తా అని చెయ్యి చాపింది. మొహం పసుపు ముద్దలా ఉంది. చేతికి సెలైన్ సూది. ఆ చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చున్నాను. ప్లేట్‌లెట్లు ఇరవై ఎనిమిది వేలట, రాత్రి చిగుళ్ళలోంచి రక్తం వచ్చిందట. ఇవాళ గడిస్తే పర్వాలేదన్నారట.

కాసేపు ఊళ్ళో జ్వరాల గురించి అడిగింది. ఎవరెవరికి ఎంత ఉందో చెప్పాను. అప్పుడు తనంతట తనే అంది.

"ఆ దోమలు యాడ పుట్టినయ్యో నాకు అర్థం కావట్లా అత్తా. అన్నీ నేను కళ్ళారా చూశా. ఒక్క త్రికోటేశ్వరరావు మామ డ్రమ్ము చూడలా. అది నువ్వు చూశావుగదా అని వదిలేశా."

నేనెప్పుడు చూశానే అన్నాను.

ఆ మంగళవారం ఆమె పక్కింటి డాబా మీద ఉందట. ఆ ఇంటి బాలింతకి ఐరన్ మాత్రలు ఇవ్వడానికి వెళ్ళిందట. పైనుంచి నన్ను చూసి పిలవబోయి, పనిలో ఉన్నానని ఊరుకుందట.

"ఇన్‌స్పెక్షన్ ముందర నా ఏరియాలో తేడా రాకూడదని నువ్వే వచ్చి చూస్తన్నావనుకున్నా. నాకు చానా సంతోషమేసింది. మూతెత్తి చూశావ్, మళ్ళా మూతేసి పోయావ్. దాంట్లో ఏమన్నా ఉంటే తిరగబొయ్యకుండా పోయే మనిషివి కాదుగా నువ్వు. అందుకే సార్‌కి ధైర్యంగా చెప్పా, చూసిందేనని."

ఇన్నాళ్ళూ ఆమె మీద నేను ఎన్ని రకాలుగా కుళ్ళుకున్నానో, అన్ని రకాలుగా ఆమె నన్ను నమ్ముకుని ఉంది. లేదమ్మా, దాంట్లో ఏం లేదు అని చెప్పి లేచి రావచ్చు. ఆమెకి ఎప్పటికీ తెలియదు. చుట్టూ చూశాను. పక్క మంచం మీదావిడ నిద్రపోతోంది.

"ఉన్నయ్యే దీపికా," అన్నాను. "చూసే వదిలేశా. శుక్రవారం సార్‌కి చూపిద్దామని."

ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. తర్వాత నా వైపు తిరిగి, నా తప్పుని నా చేతిలోంచి తీసుకుని తేలిక చేద్దామన్నట్టు అడిగింది.

"లార్వాలేనా అత్తా? ఇంకా వారం టైముందిలే అనుకున్నావా?"

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకే ఆమె ఎదురుచూస్తోంది.

"కాదు," అన్నాను. "అన్నీ ప్యూపాలే."

దీపిక నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. వరండాలో ఉన్న వాళ్ళాయన్ని పిలిచి, తెర దించమంది.